ప్లగిన్ హైబ్రిడ్ వచ్చేదాకా ఆగాలా, ఉన్న హైబ్రిడ్ తీసేసుకోవాలా? రాయగడ – విశాఖ తిరిగేవాళ్ళు చెప్పండి

తేరుబల్లి రోడ్డు (రాయగడ):

అందరికీ నమస్కారం. మాది రాయగడ, తాతల నాటి నుంచి ఇక్కడే, ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. తేరుబల్లి వైపు విత్తనాలు, ఎరువుల దుకాణం ఉంది. ఇంటి నుంచి దుకాణానికి వెళ్ళి రావడం, మధ్యలో ఊళ్ళో తిరుగుడు అన్నీ కలిపి రోజుకి 50 కిలోమీటర్లు అవుతుంది. ఇది కాక అమ్మకి కిడ్నీ సమస్య, నెలకి రెండుసార్లు విశాఖ తీసుకెళ్ళి చూపించి తీసుకురావాలి, ఒకవైపు రెండొందల కిలోమీటర్ల దాకా. అంటే నెలకి రెండువేల కిలోమీటర్ల పైమాటే.

ఇప్పుడున్నది 2013 నాటి డీజిల్ బండి. లీటరుకి 16 ఇస్తోంది, నెలకి డీజిల్‌కే పన్నెండు వేలు దాటుతోంది. డబ్బు ఒక ఎత్తు, అమ్మ బాధ ఇంకో ఎత్తు. పార్వతీపురం దాటి బొబ్బిలి చేరేసరికే ఆ క్లచ్చి కుదుపులకి, ఇంజను అదురుకి ఆవిడకి కడుపులో తిప్పేస్తుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంటుంది, ఆపమని మాత్రం అడగదు. అందుకే గేర్లు లేని, అదురు లేని బండి కావాలని గట్టిగా అనుకున్నాను.

మా తోడల్లుడు అమెరికాలో ప్లగిన్ హైబ్రిడ్ నడుపుతున్నాడు. రాత్రి ఇంట్లో ఛార్జింగ్ పెడతాడు, ఆఫీసుకి వెళ్ళి రావడం కరెంటు మీదే, దూరం వెళ్తే పెట్రోలు. బంకుకి వెళ్ళి నెలన్నర అయిందని మొన్న ఫోన్లో చెప్తుంటే నాకు నిద్ర పట్టలేదు. నా రోజు కూడా అచ్చం అలాంటిదే కదా! ఇక్కడ విచారిస్తే ఆ రకం బండ్లు మన దేశంలో కోటి పైమాట, బీఎండబ్ల్యూ ఎక్స్‌ఎం, రేంజ్ రోవర్ లాంటివే. మనకి అందుబాటులో ఉన్నవి గ్రాండ్ విటారా, హైరైడర్, హైక్రాస్, హోండా సిటీ లాంటి ప్లగ్గు లేని హైబ్రిడ్లు, అంటే పెట్రోలు ఇంజనుతో పాటు మోటారు, నడుస్తుండగానే నిండే చిన్న బ్యాటరీ ఉన్నవి.

మామూలు ధరలో ప్లగిన్ వచ్చేదాకా ఆగాలా, ఇప్పుడు దొరికే హైబ్రిడ్ తీసుకోవాలా, లేక నేరుగా ఎలక్ట్రిక్‌కే వెళ్ళిపోవాలా? షోరూము వాళ్ళ మాటలు విని విని విసుగొచ్చింది. సొంతంగా నడిపినవాళ్ళు, ముఖ్యంగా మన ఘాటీల్లో, అంటే కొండ దారుల్లో నడిపినవాళ్ళు చెప్తే మేలు చేసినవాళ్ళవుతారు.

సిమిలిగుడ ఘాటీ (కోరాపుట్ జిల్లా):

అన్నయ్యా, నాది గ్రాండ్ విటారా హైబ్రిడ్, మూడేళ్ళ లోపే 46 వేల కిలోమీటర్లు అయింది. ఉద్యోగం సునాబెడలో, పిల్లలు చదువుకోసం విజయనగరంలో ఉంటారు, కాబట్టి నెలలో మూడు శనివారాలు సుంకి మీదుగా సాలూరు దిగి, ఆదివారం రాత్రికి మళ్ళీ ఎక్కుతాను. ఆ దారిలో ఏ మలుపు ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలను.

ముందు యావరేజీ సంగతి. కంపెనీ చెప్పింది లీటరుకి 27.97. అది పరీక్షశాలలో వచ్చిన అంకె, దాన్ని పట్టుకుని ఎవరూ బండి కొనకూడదు. నేను ప్రతిసారీ అదే బంకులో, అదే పంపు దగ్గర, ఆటో కట్ అయ్యేదాకా కొట్టించి, నోటు పుస్తకంలో రాస్తాను. డ్యాష్‌బోర్డులో కనపడే అంకె నిజం కంటే ఒకటి, ఒకటిన్నర ఎక్కువే చూపిస్తుంది, అది కూడా గుర్తుంచుకోండి. నా పుస్తకం ప్రకారం సిమిలిగుడ – సునాబెడ తిరుగుడుకి 21 నుంచి 22. విజయనగరం, విశాఖ ట్రాఫిక్కులో 23, ఒక్కోసారి 24. ఖాళీ హైవే మీద వందలో పోతే మాత్రం 19కి పడిపోతుంది. చాలామందికి ఇది వింతగా ఉంటుంది, మామూలు పెట్రోలు బండి హైవేలో బాగా ఇస్తుంది కదా, ఇదేంటి తిరగబడిందని. కారణం ఏంటంటే హైబ్రిడ్‌కి లాభం వచ్చేది బ్రేకు కొట్టినప్పుడు, ఆగినప్పుడు, మెల్లగా కదిలినప్పుడు. ఒకే వేగంలో పోతుంటే తిరిగి పట్టుకునే శక్తి ఏమీ ఉండదు, ఇంజను ఒక్కటే లాగాలి.

ఇక ఘాటీ. సాలూరు నుంచి పైకి ఎక్కేటప్పుడు 13, 14 కంటే ఎక్కువ రాదు. మూడు సిలిండర్ల ఇంజను, నలుగురు మనుషులు, సామాను, ఏసీ ఉంటే గట్టిగానే అరుస్తుంది. గేర్లు లేవు కాబట్టి కుదుపు ఉండదు, అరుపు మాత్రం ఉంటుంది. దిగేటప్పుడు మాత్రం పెట్రోలు చాలా తక్కువ తాగుతుంది. ఎక్కడం దిగడం రెండూ కలిపి చూస్తే సగటు 20 వస్తుంది.

మీ అమ్మగారి విషయం విని చెప్తున్నాను, ఒక్క ఈ కారణానికైనా తీసుకోవచ్చు. మా నాన్నగారికి నడుం నొప్పి, పాత బండిలో విజయనగరం దాకా కూర్చోలేకపోయేవారు. ఇందులో పడుకుని నిద్రపోతారు. రైల్వే గేటు దగ్గర ఆగితే ఇంజను ఆగిపోతుంది, ఏసీ నడుస్తూనే ఉంటుంది, లోపల చప్పుడే ఉండదు.

మీ వ్యాపారానికి పనికొచ్చే మాట ఇంకొకటి: బ్యాటరీ డిక్కీ కింద ఉంటుంది కాబట్టి డిక్కీ చిన్నది, ఎరువు బస్తాలు పట్టవు. వెనక సీటు దగ్గర బ్యాటరీకి గాలి పీల్చుకునే జాలీ ఉంటుంది, దానికి సామాను అడ్డం పెట్టకూడదు, దుమ్ము పట్టకుండా ప్రతి సర్వీసులో శుభ్రం చేయించాలి. ఎరువుల దుమ్ము మరీ మెత్తన, మీరు ఈ విషయంలో జాగ్రత్తగా ఉండాలి.

గుణుపురం కుర్రాడు:

అన్నా, ఎనిమిదేళ్ళకి బ్యాటరీ పోతే లక్షల్లో బిల్లు కదా? మా మావయ్య అందుకే డీజిలే తీసుకున్నాడు. ఎవరికైనా బ్యాటరీ మార్చాల్సి వచ్చిందా?

సిమిలిగుడ ఘాటీ:

తమ్ముడూ, హైబ్రిడ్ బ్యాటరీకి కంపెనీ ఇచ్చే వారంటీయే ఎనిమిదేళ్ళు లేదా లక్షా అరవై వేల కిలోమీటర్లు, ఏది ముందైతే అది. పైగా ఇది చిన్న బ్యాటరీ, 0.76 యూనిట్లు, ఎలక్ట్రిక్ కారులో ముప్ఫై నలభై యూనిట్లు ఉంటుంది. దీన్ని బండి ఎప్పుడూ పూర్తిగా నింపదు, పూర్తిగా ఖాళీ చేయదు, మధ్యలోనే తిప్పుతుంది. అందుకే ఎక్కువ కాలం మన్నుతుంది. డీజిల్ తీసుకోవడం తప్పేమీ కాదు, కానీ రోజూ చిన్నచిన్న దూరాలు తిరిగేవాళ్ళకి కొత్త డీజిల్ బండ్లలో పొగ ఫిల్టరు మూసుకుపోయే గొడవ ఉంటుంది, మీ మావయ్యగారిని అప్పుడప్పుడూ హైవే మీద ఒక అరగంట ఆపకుండా నడపమనండి.

బరంపురం అక్క:

నాది పూర్తి ఎలక్ట్రిక్, రెండేళ్ళు నిండాయి. అడిగారు కాబట్టి మంచీ చెడూ రెండూ చెప్తాను.

ఖర్చు విషయంలో దీన్ని మించింది లేదు. గోడ దగ్గర మీటరు పెట్టి చూసుకున్నాను, యూనిట్‌కి ఆరు కిలోమీటర్లు తగ్గకుండా వస్తోంది. స్లాబును బట్టి యూనిట్ అయిదారు రూపాయలు, అంటే కిలోమీటరుకి రూపాయి. పన్నులో కూడా తేడా ఉంది, 2025 సెప్టెంబరు 22 నుంచి వచ్చిన జీఎస్టీలో ఎలక్ట్రిక్‌కి 5 శాతమే, నాలుగు మీటర్లు దాటిన హైబ్రిడ్లకి 40 శాతం. ప్లగ్గు ఉన్నా లేకపోయినా హైబ్రిడ్లకి పన్ను లెక్క ఒకటే. ఉత్తరప్రదేశ్‌లో 2024లో హైబ్రిడ్లకి రిజిస్ట్రేషన్ పన్ను తీసేశారు, అలాంటిది మన దగ్గరా చేస్తే బాగుండును.

ఇక కష్టం. మాది పాత పెంకుటిల్లు, ముందు భాగం స్లాబు వేశాం. బండి వచ్చిన రోజు రాత్రి ప్లగ్గు పెడితే ఛార్జరు మీద ఎర్ర లైటు వెలిగి కూర్చుంది, ఛార్జింగ్ ఎక్కదు. బండి పాడైందేమోనని ఒకటే టెన్షన్. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసి ఇంట్లో ఎర్తింగే లేదన్నాడు, ఇన్నేళ్ళూ ఫ్రిజ్జు, గ్రైండరు అన్నీ అలాగే వాడేశాం. పెరట్లో నూతి పక్కన మనిషి లోతు గొయ్యి తీసి, రాగి పలక దించి, చుట్టూ బొగ్గు ఒక వరస, ఉప్పు ఒక వరస వేసి, నీళ్ళు పోసి పూడ్చారు. ఆ తీగ లోపలికి లాగి, ఛార్జింగ్‌కి వేరుగా 16 ఆంపియర్ల సాకెట్టు, దానికొక బ్రేకరు పెట్టారు. అప్పుడు పచ్చ లైటు వచ్చింది. ఎండాకాలంలో ఆ గొయ్యిలో వారానికోసారి బిందెడు నీళ్ళు పోస్తాను. మీరు ప్లగిన్ కొన్నా, ఎలక్ట్రిక్ కొన్నా, డబ్బు కట్టే ముందే ఎర్తింగ్ చూపించుకోండి. బండి సంగతి అటుంచి, ఇంట్లో మనుషుల ప్రాణానికే అది అవసరం.

దూరాల సంగతి. బరంపురం నుంచి భువనేశ్వర్, విశాఖ హైవే కాబట్టి ఛార్జర్లు ఉన్నాయి, అయినా ఒకసారి ఒక చోట ఛార్జరు పని చేయక రాత్రి పదింటికి ఇద్దరు పిల్లలతో గంటన్నర కూర్చున్నాను. మీ రాయగడ – పార్వతీపురం – బొబ్బిలి దారి జాతీయ రహదారి లాంటిది కాదు. పైగా మీరు తీసుకెళ్ళేది ఒంట్లో బాగోని మనిషిని. 2018 తిత్లీ తుఫాను అప్పుడు పర్లాకిమిడి వైపు మా అత్తగారి ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు ఇంట్లో ఉన్న ఒకే ఒక్క బండి కరెంటుదైతే ఎలా అన్నది మీరే ఆలోచించుకోండి. మాకు రెండో బండి ఉంది కాబట్టి సరిపోయింది.

పర్లాకిమిడి నుంచి పెన్సిల్వేనియా:

నమస్తే బ్రదర్. మా ఇల్లు పర్లాకిమిడి, ఊరు దాటితే చాలు పాతపట్నం, ఆంధ్రా. ప్రస్తుతం పెన్సిల్వేనియాలో ఉంటున్నాను, మూడేళ్ళుగా టొయోటా వాళ్ళ ప్లగిన్ హైబ్రిడ్ రావ్4 ప్రైమ్ నడుపుతున్నాను. మీ తోడల్లుడు గారు చెప్పింది అబద్ధం కాదు, కానీ ఆయన చెప్పనిది కొంత ఉంది.

నా బండిలో 18.1 యూనిట్ల బ్యాటరీ, అమెరికా ప్రభుత్వ లెక్కలో కరెంటు మీద 42 మైళ్ళు, మన లెక్కలో 67 కిలోమీటర్లు. ఎండాకాలంలో మెల్లగా నడిపితే 75 కూడా వచ్చింది. చలికాలంలో 48, 50కి వస్తుంది, మరీ గడ్డకట్టే చలైతే లోపల వేడి కోసం ఇంజనే ఆన్ అవుతుంది. రాయగడలో ఆ బాధ ఉండదు, మీకు ఏసీ ఖర్చు ఉంటుంది, అది వేడి పెట్టుకునే ఖర్చంత ఉండదు. ఇక్కడ మామూలు గోడ సాకెట్టు 120 వోల్టులు, దాని మీద నిండడానికి పన్నెండు గంటలు. మన దేశంలో ఎలాగూ 230 వోల్టులు, అందులో సగం టైము కూడా పట్టదు. రాత్రి పడుకునే ముందు పెడితే తెల్లారేసరికి నిండిపోతుంది.

బ్యాటరీ అయిపోయాక అది మామూలు హైబ్రిడ్ అయిపోతుంది. ప్రభుత్వ అంకె గ్యాలనుకి 38 మైళ్ళు, అంటే లీటరుకి 16. సిమిలిగుడ అన్నయ్య బండి కంటే తక్కువ, ఎందుకంటే నా బండి పెద్దది, అంత బరువున్న బ్యాటరీని ఖాళీ అయినా మోసుకు తిరగాలి. ఇక్కడే అసలు మెలిక ఉంది. రోజూ ప్లగ్గు పెట్టేవాడికి ఇది బంగారం, పెట్టనివాడికి ఇది బరువైన పెట్రోలు బండి. యూరప్‌లో 2021లో రిజిస్టరైన కార్లలోని ఇంధన మీటర్ల లెక్కలు తీసి యూరోపియన్ కమిషన్ 2024లో నివేదిక ఇచ్చింది. ప్లగిన్ హైబ్రిడ్లు రోడ్డు మీద వదిలే కార్బన్ డయాక్సైడ్ పరీక్షశాల అంకెకి సగటున మూడున్నర రెట్లు. ముఖ్య కారణం జనం అనుకున్నంతగా ఛార్జింగ్ పెట్టకపోవడమే. మా ఆఫీసులో ఒకాయన అపార్టుమెంటులో ఉంటాడు, ప్లగ్గు పెట్టే చోటే లేదు, పన్ను మినహాయింపు కోసం కొన్నాడు. ఆ ఛార్జింగ్ తీగ మీద ప్లాస్టిక్ కవరు ఇప్పటికీ తీయలేదు. చూస్తే మనసుకి కష్టంగా ఉంటుంది.

ఎవరూ చెప్పని చిన్న సంగతులు రెండు. నెలల తరబడి ఇంజను తిరగకపోతే ట్యాంకులో పెట్రోలు పాతబడుతుంది, అందుకే నేను ట్యాంకు సగమే నింపుతాను, పదిహేను రోజులకోసారి కావాలని హైబ్రిడ్ మోడ్‌లో పెట్టి అరగంట నడుపుతాను. మన దగ్గర ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, అది తేమ పీల్చుకుంటుంది, కాబట్టి ఇంకా జాగ్రత్తగా ఉండాలి. రెండోది, కిలోమీటర్లు తిరగకపోయినా ఏడాదికోసారి ఇంజన్ ఆయిల్ మార్చాలి. అంటే ఎలక్ట్రిక్ బండి నిర్వహణ సుఖం దీనికి పూర్తిగా రాదు, రెండు రకాల యంత్రాలూ ఉన్నాయి కదా.

మీ లెక్క నేను వేశాను. దుకాణం తిరుగుడు నెలకి 1250, విశాఖ 800, మొత్తం 2050 కిలోమీటర్లు. పెట్రోలు నూట అయిదు, కరెంటు ఆరు రూపాయలు అనుకుందాం. ప్లగ్గు లేని హైబ్రిడ్ 21 ఇస్తే దాదాపు 98 లీటర్లు, పదివేల రెండొందల యాభై దాకా. ప్లగిన్ అయితే దుకాణం తిరుగుడంతా కరెంటు మీదే, గోడ దగ్గర యూనిట్‌కి నాలుగున్నర కిలోమీటర్లు వేసుకుంటే పదిహేడు వందల లోపు. విశాఖ వెళ్ళే రెండుసార్లూ మొదటి అరవై కిలోమీటర్లు కరెంటు, మిగతా 680 కిలోమీటర్లకి నలభై రెండు లీటర్లు, నాలుగు వేల నాలుగొందలు. అంతా కలిపితే ఆరు వేల రెండొందల పైన. అంటే ప్లగ్గు వల్ల నెలకి నాలుగు వేలు, ఏడాదికి దాదాపు యాభై వేలు మిగులుతుంది. ఆ బండి మీద ఆరు లక్షలు ఎక్కువ అడిగారనుకోండి, రాబట్టడానికి పన్నెండేళ్ళు. రెండు లక్షలే ఎక్కువైతే నాలుగేళ్ళు. వచ్చినప్పుడు ధర చూసి ఈ లెక్క మళ్ళీ వేసుకోండి.

తేరుబల్లి రోడ్డు:

ఇంత ఓపిగ్గా రాసినందుకు మీ అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. అక్కా, మీరు రాసింది చదివి ఇవాళే ఎలక్ట్రీషియన్ని పిలిచాను, మా ఇంట్లో ఎర్తింగ్ తీగ ఉంది కానీ మెట్ల కింద తెగిపోయి వేలాడుతోంది. రేపు వేయిస్తున్నాను.

ఒక్క సందేహం. మా చెల్లెలు కోరాపుట్‌లో ఉంటుంది, నెలకోసారి అటు వెళ్తాం. రాత్రి అక్కడ ఛార్జింగ్ నిండా పెట్టుకుని పొద్దున్నే సాలూరు వైపు దిగితే, మొత్తం దిగుడే కాబట్టి ప్లగిన్‌లో ఇంకా ఎక్కువ దూరం వస్తుంది కదా?

సిమిలిగుడ ఘాటీ:

అన్నయ్యా, అక్కడే పొరపాటు పడతారు, అందుకే వివరంగా రాస్తున్నాను.

కోరాపుట్ 870 మీటర్ల ఎత్తులో ఉంది, సాలూరు నూట యాభై లోపే. ఏడొందల మీటర్ల పైన దిగుడు. మనుషులతో కలిపి పదిహేనొందల కిలోల బండి అంత దిగితే వచ్చే శక్తి మూడు యూనిట్ల దాకా ఉంటుంది. టైర్లూ గాలీ సగం తినేసినా ఒకటిన్నర యూనిట్లు బ్రేకు దగ్గర పట్టుకోవచ్చు. నా బండి బ్యాటరీ మొత్తమే 0.76, అందులో వాడుకునేది ఇంకా తక్కువ. కొన్న కొత్తలో ఏమైందంటే, సుంకి దాటి నాలుగైదు మలుపులు తిరిగేసరికి బ్యాటరీ గీతలు అన్నీ నిండిపోయాయి. ఆ వెంటనే కాలు యాక్సిలేటరు మీద లేకపోయినా ఇంజను ఒక్కసారిగా పెద్దగా అరిచింది. నాన్నగారు ఉలిక్కిపడి లేచి "ఏమైందిరా, బ్రేకు పోయిందా" అన్నారు. నాకూ చెమటలు పట్టాయి. పక్కకి ఆపి, పుస్తకం తీసి చదివితే తెలిసింది. బ్యాటరీలో ఇక చోటు లేనప్పుడు, మిగిలిన శక్తితో ఇంజన్ని పెట్రోలు లేకుండా ఊరికే తిప్పి బండిని పట్టుకుంటుంది. అది మంచికే, బ్రేకులు కాలకుండా కాపాడుతుంది. ఇప్పుడు దిగుడు మొదలవగానే లివరుని బి లో, అంటే ఇంజనే బండిని పట్టుకునే మోడ్‌లో వేసేస్తాను, ఆ చప్పుడు వింటేనే ధైర్యంగా ఉంటుంది. అంటే పట్టుకోగలిగిన దాంట్లో చాలా భాగం ఇప్పుడు నాకు దక్కడం లేదు.

ప్లగిన్‌లో పద్దెనిమిది యూనిట్ల బ్యాటరీ ఉంటే ఆ ఒకటిన్నర యూనిట్లూ హాయిగా లోపలికి పోతాయి, కానీ చోటుంటేనే. మీరు కొండ మీద నిండా నింపేసి దిగితే నా బండికీ దానికీ తేడా ఉండదు. ఎనభై, ఎనభై అయిదు శాతం దగ్గర ఆపి దిగాలి. అప్పుడు దిగుడులో వచ్చేదానికి చోటుంటుంది. నింపాల్సింది కింద, ఎక్కే ముందు.

పర్లాకిమిడి నుంచి పెన్సిల్వేనియా:

నూటికి నూరుపాళ్ళు నిజం. ఇక్కడ పోకొనోస్ అని కొండలున్నాయి, పైన స్నేహితుడి ఇంట్లో రాత్రంతా ఛార్జింగ్ పెట్టి నిండుగా దిగితే, కరెంటు మోడ్‌లోనే ఉన్నా ఇంజను అందుకుంది. ఇంకో మాట, నా బండిలో బ్యాటరీని దాచి ఉంచే బటను ఒకటి ఉంది. సాలూరు నుంచి విజయనగరం దాకా హైవే మీద పెట్రోలు వాడుకుని, దాచిన కరెంటు విశాఖ ట్రాఫిక్కులో వాడుకోవడం మేలు. హైవేలో ఇంజను బాగా పని చేస్తుంది, ఊళ్ళో మోటారు బాగా పని చేస్తుంది. దేనికి ఏది తగునో అది వాడుకుంటే అదే బండి లీటరుకి ఒకటి రెండు కిలోమీటర్లు ఎక్కువ ఇస్తుంది.

బరంపురం అక్క:

తమ్ముడూ, మీరు రోజుకి 50 అంటున్నారు, అది రాసి చూసుకున్నారా, అంచనాయా? నేను కొనక ముందు నెలరోజులు రాశాను, అనుకున్నదానికీ నిజానికీ చాలా తేడా వచ్చింది.

తేరుబల్లి రోడ్డు:

అక్కా, మీ మాట ప్రకారం పదిహేను రోజులు రాసి ఇప్పుడు వచ్చాను, ఆలస్యమైంది, క్షమించండి.

నాది అంచనాయే. మామూలు రోజుల్లో 38, 40 మాత్రమే అవుతోంది. కానీ సంత రోజులు నేను లెక్కలోకే తీసుకోలేదు. కాశీపూర్ వైపు, కల్యాణసింగుపురం వైపు వారానికి రెండు సంతలకి వెళ్తాను, ఆ రోజు 110, ఒకరోజు 130 అయింది, అదీ ఎక్కుడు దారి, వెనక విత్తనాల సంచులు. అంటే ప్లగిన్ ఉన్నా ఆ రెండు రోజులు సగం దూరం పెట్రోలు మీదే. పెన్సిల్వేనియా బ్రదర్ వేసిన ఏడాదికి యాభై వేలు అన్న లెక్క అంత రాదు, ముప్ఫై అయిదు నలభై మధ్య తేలింది. పూర్తి ఎలక్ట్రిక్ ఈ సంత దారులకి, అమ్మతో విశాఖ ప్రయాణాలకి కుదరదని కూడా తేలిపోయింది.

మొన్న విశాఖ వెళ్ళినప్పుడు అమ్మని కూడా షోరూముకి తీసుకెళ్ళాను. ముందు సీటులో నేను, వెనక అమ్మ. ట్రాఫిక్కులో ఇరవై నిమిషాలు నడిపాను. సిగ్నలు దగ్గర ఆగినప్పుడు "బండి ఆగిపోయిందేమో చూడు నాన్నా" అంది, ఆ వెంటనే చప్పుడు లేకుండా కదిలేసరికి సీటు పట్టుకున్న చెయ్యి వదిలేసి ఒళ్ళో పెట్టుకుంది. ఆ చెయ్యి నేను అద్దంలో చూశాను. నాకు అది చాలు. ప్లగిన్ కోసం అమ్మని ఇంకో రెండేళ్ళు ఆ పాత బండిలో కుదుపుతూ తిప్పలేను. హైబ్రిడ్ బుక్ చేశాను, పాతది సంతలకి, బస్తాలకి ఉంచుకుంటున్నాను. ఎర్తింగ్ అయితే పూర్తయింది, సాకెట్టు కూడా పెట్టించేశాను, తర్వాతి బండికి పనికొస్తుంది.

సిమిలిగుడ అన్నయ్యా, బండి వచ్చాక మొదటిసారి మీతో పాటు ఘాటీ దిగాలని ఉంది. వచ్చే నెల ఏ శనివారం దిగుతున్నారో చెప్తే ముందురోజే చెల్లెలింటికి వచ్చేస్తాను.

సిమిలిగుడ ఘాటీ:

రెండో శనివారం, పొద్దున్న ఆరింటికి సిమిలిగుడలో బయల్దేరతాను. మంచు ఉంటుంది, హెడ్‌లైట్లు, ఫాగ్ లైట్లు చూసుకుని రండి. సుంకి దగ్గర టీ తాగి, అక్కడి నుంచి బి లో వేసుకుని నా వెనకే మెల్లగా దిగండి. రామభద్రపురం జంక్షన్‌లో టిఫిను చేద్దాం, అమ్మగారిని కూడా తీసుకురండి.